పోలీసు సోదాలు - ప్రజల మొఱ

పోలీసువారు త్రోవలో నిలిపి సోదా చేయుటను గూర్చి మన సీమలో వినవచ్చు మొఱ క్రొత్తది గాదు. ఆ మొఱకు పెద్దమనుష్యులు చెప్పు సమాధానమును క్రొత్తది గాదు. “తప్పు చేయనివానికి భయమెందులకు? సంచి విప్పి చూపి పోరాదా?” యని వారందురు. ఈ మాట పైకి న్యాయముగనే కనబడును. కాని యిట్లు పలుకువారు సామాన్యముగా త్రోవలో నిలుపబడువారు గారు. మోటారుకారులో పోవువానికి సోదా యొక నిమిషపు జాగు. నెత్తిమీద మూటతో పోవువానికి అది యొకనాటి కూలి; ఒక్కొక్కప్పుడు పరువు; మఱియొకప్పుడు ఠాణాలో ఒక రాత్రి. కావున ఈ విషయమును భయముగలవాని వైపునుండి గాక, అధికారముగలవాని వైపునుండి విచారింపవలసియున్నది. సోదా చేయుటకు పోలీసునకు కారణము కలదా? కలదేని దానిని వ్రాసి సంతకము చేయుటకు అతడు సిద్ధముగా నున్నాడా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరకినచో తక్కిన వాదమంతయు తనంతట తానే తీరును.

అనంతపురము సీమ స్థితి పాఠకులకు విన్నవింప నక్కఱలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానయైనను నికరముగా కురియని మెట్టభూమి యిది. ఒక యేడు వేరుసెనగ చేతికి వచ్చినచో మఱుసటి యేడు విత్తనపు కాయయైనను మిగులదు. అందువలన ఇచటి జనులకు ఊరు విడిచి పోవుట వేడుక గాదు, బ్రదుకు తెరువు. కదిరి, మడకశిర, కల్యాణదుర్గము ప్రాంతముల కూలీలు బెంగుళూరు కట్టడపు పనులకు పోవుచున్నారు. గొఱ్ఱెలకాపరులు మేతను వెదకుకొనుచు మందలతో సీమలు దాటుచున్నారు. ఒకవైపు బళ్లారి, మఱియొకవైపు తుమకూరు, చిక్కబళ్లాపురము. కొడికొండ చెక్‌పోస్టు దాటిన కన్నడనాడే. 2022 ఏప్రిలు 4వ తేదీన జిల్లా రెండుగా చీలి శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడినది. కాని కరవు మాత్రము చీలలేదు, వలసయు చీలలేదు. ఇట్టి సీమలో రాత్రివేళ బస్సు దిగినవాడెల్ల, మూట మోయువాడెల్ల, పరాయి ఊరి పొలిమేరలో నిలిచినవాడెల్ల అనుమానితుడేయైనచో, కరవు వచ్చిన యేటనెల్ల సగము జిల్లా అనుమానితుల జాబితాలో చేరవలసివచ్చును.

ఇది యతిశయోక్తి గాదు. తిరుగుటయే నేరముగా నెంచిన చట్టమొకటి మన తాతల కాలమున నిజముగనే యుండెను. ఎఱుకలవారు పూర్వము సముద్రతీరపు ఉప్పును గాడిదలమీదను ఎద్దులమీదను ఎక్కించుకొని లోనాటి గ్రామములకు తెచ్చి ధాన్యమునకు మార్చుకొనుచుండిరి. ఆంగ్ల ప్రభుత్వపు ఉప్పు విధానము, రైలుబండి రాక, 1876-78 నాటి ధాత కరవు, ఇవన్నియు గలసి ఆ వర్తకమును మాపివేసెను. అడవి చట్టములు పశువుల మేతను, బుట్టలల్లు వెదురును దూరము చేసెను. తెరువు పోయినను కాలు ఆగలేదు. ఆగని ఆ కాలును చూచి ప్రభుత్వము దొంగకాలని పేరుపెట్టెను. 1871లో ఉత్తర హిందూస్థానమునకై పుట్టిన నేరస్థజాతుల చట్టము, 1911 నాటి క్రొత్త రూపముతో చెన్నరాజధానికిని వ్యాపించెను. ఆ చట్టము క్రింద ప్రభుత్వము ఒక కులమును నేరస్థజాతిగా ప్రకటించినచో, ఆ ప్రకటన తప్పని చెప్పు అధికారము ఏ న్యాయస్థానమునకును లేకుండెను. జాబితాకెక్కినవాడు వ్రేలిముద్రలీయవలెను, ఆజ్ఞాపించిన వేళలకు హాజరు చెప్పవలెను, ఊరు విడువవలెనన్న అనుమతి చీటి పొందవలెను. స్టూవర్టుపురము, సిద్ధాపురము, కావలి మొదలైన చోట్ల సెటిల్‌మెంట్లు వెలసెను. బిడ్డ పుట్టకముందే వాని నేరము నిర్ణయమైపోయెను.

1936లో జవహర్‌లాల్ నెహ్రూ గారు నెల్లూరునందు ఈ చట్టమును పౌరస్వేచ్ఛకే విరుద్ధమని ఖండించిరి. వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటివారు దాని రద్దునకై పాటుపడిరి. 1947లో చెన్నరాష్ట్రము దానిని రద్దు చేసెను. 1952 ఆగస్టు 31వ తేదీన దేశమంతటను అది తొలగిపోయెను. ఆనాటినుండి ఆ ప్రజలను విముక్త జాతులని పిలుచుచున్నాము. అయినను 1948లో చెన్నరాష్ట్రమునందును, 1962లో ఆంధ్రప్రదేశమునందును అలవాటు నేరస్థుల చట్టములు వచ్చెను. ఇవి కులమును పేర్కొనవు, నిజమే. కాని చట్టము రద్దయినంత మాత్రమున, ఆ చట్టము మూడు తరముల పోలీసులకు నేర్పిన చూపు రద్దు గాలేదు. దొంగతనము జరుగగానే తండాకో, ఎఱుకల గుడిసెలకో ముందు పోవు జీపునకు దారి చూపుచున్నది ఆ చూపే.

ఇక నేటి చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 2024 జూలై 1వ తేదీనుండి పాత క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనున్నది. వారంటు లేకుండ సోదా చేయు అధికారమును దాని 185వ సెక్షను పోలీసు అధికారికిచ్చుచున్నది. కాని ఊరక ఇచ్చుట లేదు. దర్యాప్తులోనున్న నేరమునకు కావలసిన ఫలానా వస్తువు ఫలానా చోట నున్నదనియు, వారంటు తెచ్చులోపల అది చేజారుననియు నమ్ముటకు తగిన కారణముండవలెను. ఆ కారణమును సోదాకు ముందే వ్రాతలో పెట్టవలెను. ఆ వ్రాత నకలు 48 గంటలలో మేజిస్ట్రేటునకు చేరవలెను. సోదాను దృశ్యశబ్దములతో చిత్రింపవలెను. 103వ సెక్షను ప్రకారము ఆ ప్రాంతపు స్వతంత్రులైన గౌరవనీయులు ఇద్దఱైనను పంచులుగా నుండవలెను. పట్టుకొన్న వస్తువుల పట్టిక వ్రాసి, నకలు ఇంటివానికీయవలెను. స్త్రీని స్త్రీయే, మర్యాదకు లోపము లేకుండ సోదా చేయవలెను. గంజాయి మొదలైన మాదకద్రవ్యములకు సంబంధించిన 1985 నాటి చట్టము మఱింత కఠినమైనది. అయినను దాని 50వ సెక్షను, ఒంటిని సోదా చేయుటకు ముందు ఆ మనిషి గెజిటెడు అధికారి యెదుటనో మేజిస్ట్రేటు యెదుటనో సోదా కోరవచ్చునని చెప్పుచున్నది. ఈ హక్కు కలదని వానికి తెలుపుట పోలీసు విధియని 1999లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్చినది. కారణము లేకుండ వేధించుటకై సోదా చేసిన అధికారికి ఆఱునెలల వరకు ఖైదుగాని, వేయి రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చునని 58వ సెక్షను చెప్పుచున్నది.

చట్టమింత స్పష్టముగా నుండగా మొఱ ఎందులకు? ఎందులకనగా, ఈ నియమములన్నియు కాగితము పుట్టినచోటనే పనిచేయును. త్రోవప్రక్కన జరుగు సోదాకు కాగితమే పుట్టదు. సంచి విప్పించిరి, కుమ్మరించిరి, ఏమియు దొరకలేదు, పొమ్మనిరి; అంతటితో సరి. ఆ సోదా జరిగినట్లు ఠాణాలో గుర్తులేదు, మేజిస్ట్రేటునకు తెలియదు. నిలిపినవాని పేరేమో నిలువబడినవానికి తెలియదు. మఱునాడు ఫిర్యాదు చేయబోయినచో, “ఎవరు? ఎప్పుడు? సాక్ష్యమేది?” యని అడుగుదురు. దొంగ సొత్తు దొరకిన సోదా రికార్డుకెక్కును. నిర్దోషిని నిలిపిన సోదా గాలిలో కలియును. కావున లెక్కలలో పోలీసువారి అనుమానము ఎన్నడును తప్పదు! తప్పిన అనుమానములను లెక్కింపని శాఖ తన అనుమానము ఎంత సరియైనదో తానే యెట్లు తెలిసికొనగలదు?

కార్డన్ సెర్చి యను పేరుతో తెల్లవారకముందే ఒక కాలనీని చుట్టుముట్టి, ఇంటింటి తలుపు తట్టి, వాకిట నున్న మోటారు సైకిళ్ల కాగితములడుగు పద్ధతి యిటీవలి కాలమున తెలుగునాట వాడుకలోనికి వచ్చినది. ఇట్టి తనిఖీలలో పట్టుబడిన ఆయుధములకంటె పత్రములు లేని వాహనముల ప్రకటనయే పత్రికలలో మనకు తఱచుగా కనబడును. పత్రములు లేని బండి తప్పే. కాని ఆ తప్పును పట్టుటకు నిద్రించు పసిబిడ్డలను లేపి వీథిలో నిలుపవలెనా? 185వ సెక్షను ఫలానా వస్తువును, ఫలానా చోటును ఉద్దేశించినదే గాని, ఒక పేటనంతటిని ఉద్దేశించినది గాదు. ఇట్లు చుట్టుముట్టబడునవి పేదల కాలనీలే గాని, ప్రహరీగోడలు గల బంగళాల వీథులు గావని ప్రజలు గమనింపకపోలేదు.

2021 అక్టోబరులో హైదరాబాదు వీథులలో ద్విచక్ర వాహనములపై పోవు యువకులను నిలిపి, వారి చేతి ఫోనులు తీసికొని, సందేశములలో ‘గంజాయి’ యను మాట కలదేమోయని పోలీసులు వెదకిన దృశ్యములను దేశమంతయు చూచినది. సంచిలో నుండునది వస్తువు. ఫోనులో నుండునది మనిషి మనస్సు. భార్యకు వ్రాసిన మాట, వైద్యునితో చెప్పుకొన్న రోగము, బ్యాంకిలోని నిలువ, అన్నియు అందులోనే కలవు. ఆ యువకులు తమంతట తామే ఫోనులు చూపిరని చెప్పుట సులభమే. నడివీథిలో ఖాకీదుస్తుల యెదుట నిలిచినవాడు ఇచ్చిన సమ్మతి యెంతటి సమ్మతియో ఎవరికి తెలియదు?

పోలీసువారి పక్షమునను చెప్పవలసినది కలదు. దానిని దాచుట పత్రికాధర్మము గాదు. ఈ సీమ కక్షలకు పేరుపడినది. నాటుబాంబులు, వేటకొడవళ్లు ఎన్ని యిండ్లలో దీపములార్పినవో మనకు తెలియును. 2005 జనవరి 24వ తేదీన మాజీమంత్రియు శాసనసభ్యుడునైన పరిటాల రవీంద్ర గారు అనంతపురము నడిబొడ్డున, తమ పార్టీ కార్యాలయముననే కాల్పులకు బలియైరి. 2024 మే నెల ఎన్నికలనాడును, మఱునాడును తాడిపత్రిలో జరిగిన కొట్లాటలు నిన్నమొన్నటివే. కన్నడ సరిహద్దునుండి మద్యమును, కొండసీమలనుండి గంజాయియు దొంగచాటుగా రవాణా యగుచున్న మాటయు నిజమే. నిర్దోషిని రక్షించుటకు దోషిని వెదకక తప్పదు. వెదకుటకు అధికారము లేనిదే పోలీసు పని సాగదు. ఆ అధికారమును తీసివేయుమని మేము కోరుట లేదు.

కాని మేమడుగునది యిది: గురి లేక విసరిన వలలో పడుచున్నవి తిమింగిలములా, చేపపిల్లలా? కక్షలు నడుపు నాయకుడు బండ్ల వరుసతో పోవునప్పుడు చెక్‌పోస్టు గేటు తనంతట తానే పైకి లేచుననియు, కంబళి కప్పుకొన్న గొఱ్ఱెలకాపరి యెదుట అదే గేటు వాలుననియు జనులనుకొనుచున్నచో, ఆ యనుకోలు పోలీసు శాఖకే చేటు. సోదాల సంఖ్య పెరిగినంతనే నేరములు పట్టుబడునను భ్రమ అమెరికాలోను కలిగెను. న్యూయార్కు నగరమున 2011లో పోలీసులు 6,85,724 మార్లు మనుష్యులను వీథిలో నిలిపిరి. అందు నూటికి 88 వంతులవారిని అరెస్టుగాని, సమనుగాని లేకయే వదలివేసిరి. నిలువబడినవారిలో అత్యధికులు నల్లజాతివారును, లాటిన్ జాతివారును. 2013లో అచటి ఫెడరల్ న్యాయస్థానము ఆ పద్ధతి అమలైన తీరు రాజ్యాంగ విరుద్ధమని తీర్చెను. ఆ తరువాత సోదాలు వేలకు తగ్గినను నగరము దోపిడికాండ్ర పాలు గాలేదు. ఈ లెక్కలు మనకెట్లు తెలిసినవి? అచటి పోలీసు నిలిపిన ప్రతి మనిషికిని ఒక కాగితము వ్రాయవలసియుండుటచేత తెలిసినవి. మన త్రోవలలో ఎందఱు నిలుపబడుచున్నారో చెప్పుటకు అట్టి కాగితమే లేదు.

ఇంగ్లాండు అనుభవము మఱింత బోధకము. అచట 1824 నాటి దేశదిమ్మరుల చట్టము క్రింద అనుమానము మాత్రముననే మనిషిని పట్టుకొను అధికారము పోలీసునకు ఉండెను. 1981 ఏప్రిలులో లండనులోని బ్రిక్స్‌టన్ పేటలో కొలది దినములలో 900 మందికి పైగా నిలిపి సోదా చేసిరి, పేట భగ్గుమనెను. విచారణ జరిపిన స్కార్మన్ ప్రభువు నివేదిక తరువాత, 1984లో క్రొత్త చట్టము వచ్చెను. నిలుపుటకు తగిన కారణముండవలెను. పోలీసు తన పేరును, ఠాణాను, వెదకు వస్తువును, కారణమును ముందుగా చెప్పవలెను. పిమ్మట వ్రాసి, కోరినవానికి నకలీయవలెను. దీనితో అచట పక్షపాతము అంతరించినదని మేమనము. నల్లవారి ఫిర్యాదులు నేటికిని కలవు. కాని లెక్క కలదు గనుక ఫిర్యాదునకు కాళ్లున్నవి. మన ఫిర్యాదునకు నోరు మాత్రమే యున్నది.

మన న్యాయస్థానములు ఊరకుండలేదు. 1962లో ఖరక్ సింగు వ్యాజ్యమున, అనుమానితుల ఇండ్లకు రాత్రివేళ పోయి తలుపు తట్టుట చెల్లదని సుప్రీంకోర్టు చెప్పెను. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముగ, ఆంతరంగిక జీవనపు గోప్యత ప్రాథమిక హక్కేయనిరి. 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి యొకరు, రౌడీషీట్లు తెఱచుటకు ఆధారమైన పోలీసు స్టాండింగు ఆర్డరులకు చట్టబలము లేదని తీర్పు చెప్పిరి. పై విచారణలలో ఆ వాదమెట్లు ముగిసినను, వారు లేవనెత్తిన ప్రశ్న మాత్రము పోదు. 2024 మే 7వ తేదీన సుప్రీంకోర్టు, వెనుకబడిన వర్గములకును, షెడ్యూల్డు కులములకును, తెగలకును, విముక్త జాతులకును చెందిన నిర్దోషుల పేర్లు యాంత్రికముగా హిస్టరీషీట్ల కెక్కకుండ రాష్ట్రములు తమ నియమములను పునఃపరిశీలింపవలెనని చెప్పెను. అదే యేడు అక్టోబరు 3వ తేదీన విముక్త జాతులవారిని ఊరక అరెస్టు చేయరాదని మఱల హెచ్చరించెను. తీర్పులకు లోటు లేదు. ఢిల్లీలో వెలువడిన తీర్పు ఉరవకొండ త్రోవలో నిలిచిన కానిస్టేబులు చెవికి చేరుటయే లోటు.

కావున ప్రభుత్వమును మేము కోరునది స్వల్పము, కాని ముఖ్యము. మొదటిది, త్రోవలోగాని, చెక్‌పోస్టునగాని మనిషిని నిలిపి సంచినో, ఒంటినో సోదా చేసినపుడెల్ల ఒక చిన్న చీటి వ్రాయవలెను. నిలిపిన అధికారి పేరు, నంబరు, వేళ, చోటు, కారణము, దొరకినది, ఇవియే అందుండవలసినవి. ఒక నకలు నిలువబడినవాని చేతికీయవలెను. అన్ని పనులకును చేతియంత్రములు పట్టిన నేటి పోలీసునకు ఇది భారము గాదు. దారితప్పిన బండికి చలానా వ్రాయగల చేయి, నిర్దోషి సంచికి చీటి వ్రాయలేదా? రెండవది, ఆ చీటీల లెక్కను జిల్లా పోలీసు సూపరింటెండెంటుగారు నెలనెలా ప్రకటింపవలెను. ఎన్ని సోదాలు, ఎన్నిట ఫలితము, ఏ ఠాణాలో ఎన్ని యను సంగతి ప్రజలకు తెలియవలెను. మూడవది, పేటలను చుట్టుముట్టు తనిఖీలు వ్రాతపూర్వకమైన ప్రత్యేక కారణము లేనిదే జరుగరాదు. నాలుగవది, వారంటుగాని తగిన వ్రాతగాని లేనిదే ఫోనును తెఱచుమనరాదు. ఐదవది, ప్రతి జిల్లాయందును పోలీసులపై ఫిర్యాదులు విచారించు సంస్థ యుండవలెనని 2006 సెప్టెంబరు 22వ తేదీన సుప్రీంకోర్టు ఆదేశించినది. అది నామమాత్రముగాక, కూలివాడు వెదకుకొని పోగలిగిన తలుపుగా నుండవలెను.

ఇందు ప్రజలు చేయవలసిన పనియు కలదు. పఠనమందిరములలో పత్రిక చదువు విద్యావంతులారా, మీ ఊరి న్యాయవాదులను పిలిచి 103, 185 సెక్షనులను తెలుగున చదివించి, తండాలలోను, ఎఱుకల గేరులలోను, వలసపోవు కూలీలకును చెప్పింపుడు. పోలీసు పంచులుగా రమ్మనినప్పుడు తప్పించుకొనక పొండు. కన్నది కన్నట్లు వ్రాయించి సంతకము చేయుడు. తెల్లకాగితముపై మాత్రము చేయకుడు. గౌరవనీయులు వెనుదీసినందుననే ఠాణా చుట్టు తిరుగు వాడుకసాక్షులకు పని దొరకుచున్నది. సోదాకు అడ్డుపడవలదు, దురుసుగ మాటలాడవలదు, “అయ్యా, కారణమేమి? తమ పేరేమి?” యని మర్యాదగా అడుగుడు. 1996లో డి.కె. బాసు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, అరెస్టు చేయు పోలీసు కనబడునట్లు పేరుబిళ్ల ధరింపవలెననెను. అరెస్టు చేయువానికున్న ఆ నియమము సోదా చేయువానికి భారమగునా?

పరప్రభుత్వము పోలీసును జనులపైకి పంపెను. స్వరాజ్యము వానిని జనులకొఱకు నియమించినది. ఈ రెండింటి భేదము దుస్తుల రంగులో లేదు, టోపీ బిళ్లలో లేదు. పరప్రభుత్వపు పోలీసు కారణము చెప్పనక్కఱలేక నిలిపెను. మన పోలీసు కారణము చెప్పి, వ్రాసి, సంతకము చేసి నిలుపవలెను. మంచి కారణముగల అధికారికి సంతకము చేయుట కష్టము గాదు. సంతకమునకు వెనుదీయు అధికారి చేతిలో కూలివాని సంచి పడుట న్యాయము గాదు. వాన రాని యేట ఊరు విడిచి పోవుచున్న ఈ సీమవానికి ప్రభుత్వము వాననీయజాలదు. వాని త్రోవనైనను వానికి నిర్భయముగా నుంచగలదు. ఆపాటి పని చేయుటకు క్రొత్త చట్టము కోసమైనను ఎదురుచూడనక్కఱలేదు.